పై గదిలో మైల

వెంకటాచలం దగ్గర హైవే దాటి సముద్రం వైపు వచ్చే దారిలో ఉంది మా ఇల్లు. కింద రెండు గదులు, ఒక వసారా. పైన ఒక్క గది, దాని ముందు డాబా. మా వారు గతించిన తరువాత ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం మిగిలాము. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి విరమించిన నేను ఒకతెను; నాకంటె చాలా పెద్దది, మా వారికి అక్క అయిన మా వదిన మరొకతె. వదిన పిన్న వయస్సులోనే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చి, తమ్ముని సేద్యాన్ని తన సేద్యంగా చేసుకొని, ఆవులను, కూలీలను, కాలువ నీళ్లకు తగవు తెచ్చే పొరుగు రైతులను ఒకే గొంతుతో అదిలించి బ్రతికిన మనిషి. ఆచారం విషయంలో ఆమెది గట్టి పట్టు. తిథి వారాల దగ్గర తప్ప మా ఇద్దరికీ భేదాభిప్రాయం వచ్చిన సందర్భాలు నాకు గుర్తు లేవు.

పై గది చాలాకాలం వడ్ల బస్తాలకే పరిమితమై ఉండేది. రెండేళ్ల క్రితం ఆషాఢమాసంలో నాతోపాటు అదే బడిలో లెక్కలు చెప్పి విరమించిన స్నేహితురాలు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చింది. చేపలు, రొయ్యల పెంపకం నేర్పే ఒక కళాశాలలో చదవడానికి టాంజానియా దేశం నుంచి వచ్చిన పిల్ల. పొడవైన మనిషి, తలనిండా సన్నని జడలు, చేతిలో ఒక గొడుగు. వసతిగృహంలో ఇమడలేక బయట గది వెదుక్కుంటున్నదని, ప్రతి ఆదివారం తమ చర్చికి వస్తున్నదని నా స్నేహితురాలు చెప్పింది.

“వదినగారూ, నెమ్మదైన పిల్ల. మీ పై గది ఇప్పించండి” అన్నది.

“అంత నెమ్మదైన పిల్లయితే మీ ఇంట్లోనే పెట్టుకోరాదా?” అన్నది వదిన.

“మా ఇంట్లో మా ఆయన గురక ఉండాది గదండీ. ఆ పిల్ల చదువు సాగొద్దా?”

వదిన నవ్వు ఆపుకొని ఆ అమ్మాయి వైపు తిరిగింది. ఆ పిల్ల తల వంచి “షికమో” అన్నది. అదేమిటని ఇంగ్లీషులో అడిగాను. తమ దేశంలో చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పే మర్యాద అని, మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని భావమని చెప్పింది. నేను వదినకు తెలుగులో చెప్పాను.

“పట్టుకుంటానని నోటితో చెప్పి నిటారుగా నిలబడుకొనుందేందమ్మే?” అని వదిన ఒక క్షణం ఆలోచించింది. “సరేలే. మన వీధిలో కోడళ్లు నోటితో కూడా చెప్పరు. ఇదే మేలు. బస్తాలు కిందికి దింపిస్తా, చేరమను.”

ఆ పిల్ల మా ఇంట చేరింది. సాయంకాలాలు నా దగ్గర తెలుగు నేర్చుకునేది. నా శిక్షణ నేను నేర్చిన పద్ధతిలోనే సాగింది గనుక ఆమె తెలుగు మా ఊరి తెలుగు కాలేదు, పుస్తకాల తెలుగు అయింది. కూరగాయల బండి దగ్గర నిలబడి “ఈ వంకాయలు లేతవేనా? దయచేసి తెలుపండి” అని అడిగితే, బండి ఆమె కాసేపు నోరు తెరిచి చూసి “అమ్మా, నువ్వు రేడియోలో వార్తలు చదవతావా?” అన్నదట. ఆ సంగతి ఆమే నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను గాని, నా పాఠాన్ని మార్చుకోలేదు.

అన్నీ నవ్వుకునే సంగతులు కావు. బస్సులో ఒక పసివాడు వేలు నోట్లో తడుపుకొని ఆమె చేతి మీద రుద్ది, రంగు వస్తుందేమోనని వేలు చూసుకున్నాడు. వాడి తల్లి వారించకపోగా పక్కవాళ్లకు చూపి నవ్వింది. సీటులో తన పక్కన కూర్చున్న స్త్రీలు కొంగు దగ్గరికి లాక్కోవడం ఆమెకు అలవాటైపోయింది. అడగకుండా ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసేవాళ్లు. వసతిగృహంలో తన బట్టలు ఆరేసిన తీగ మీద మిగతా పిల్లలు ఆరవేసేవారు కారట. మా ఇంటికి రావడానికి కారణం అదని తరువాత ఎప్పుడో తెలిసింది. ఒక సాయంకాలం పాఠం మధ్యలో ఆగి అడిగింది:

“అమ్మగారూ, నన్ను ముట్టుకుంటే ఏదో అంటుకుంటుందని వాళ్లు నిజంగా అనుకుంటారా?”

అజ్ఞానమని, పట్టించుకోవద్దని ఏవో నాలుగు మాటలు చెప్పాను. వసారాలో కూర్చొని వింటున్న వదిన లేచి వెళ్లింది. ఆముదం గిన్నె తెచ్చి, ఆ పిల్లను తన మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకొని, జడల మధ్య పాయల్లో వేలితో నూనె రాయసాగింది.

“ఎవరల్లినారే ఇన్ని జడలు? నారుమడి పోసినట్టుండాయి” అన్నది.

“మా అమ్మ నేర్పింది, అవ్వా.”

ఆ నాటినుంచి ఆ పిల్ల పై గదిలో ఉన్నది పడుకోవడానికే. మొక్కజొన్న పిండితో వాళ్లు వండుకునే ముద్ద మా రాగిసంగటికి దగ్గర చుట్టం. వాళ్ల ఊరి పక్క సరస్సులో పట్టి ఎండబెట్టే చిన్న చేపల వాసన, మా బోగోలు వైపు నుంచి వచ్చే ఎండు నెత్తళ్ల వాసన ఒకటేనని వదినా, ఆమె కలిసి తీర్మానించారు. ఆ పిల్ల ముద్దను అరచేతిలో పిసికి, బొటనవేలితో గుంట చేసి, అందులో పులుసు ముంచి అందిస్తే వదిన నోరు తెరిచి తిన్నది. పరాయివాళ్ల చేతి ముద్ద వదిన తినడం నేను చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం డాబా మీద నిలబడి ఆ పిల్ల తల్లితో ఫోన్లో మాట్లాడేది. తెర మీద తల్లి ముఖం కనబడేది. తలకు పూల గుడ్డ కట్టుకున్న లావుపాటి మనిషి. వదిన వెళ్లి ఫోను ముందు నిలబడి, “ఏమమ్మా, బాగుండావా? నీ బిడ్డ సన్నబడిందని దిగులు పడబాక, మేం చూసుకుంటాం” అని తెలుగులో చెప్పేది. ఆమె తన భాషలో ఏదో దీర్ఘంగా చెప్పేది. మధ్యలో ఎవరూ అనువదించకపోయినా ఇద్దరూ తలలు ఊపుకుంటూ, ఒకరి మాట ముగిసేదాకా మరొకరు ఆగుతూ మాట్లాడుకునేవారు.

ఈ ఏటి కార్తీకంలో వాయుగుండం పట్టి విడవకుండా వాన కురుస్తున్న ఒక ఆదివారం ఉదయం, ఆ పిల్ల ఫోను చేతిలో పట్టుకొని చెప్పులు లేకుండా మెట్లు దిగి వచ్చింది. వసారాలో చేట పట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాము. మా ముందు నిలబడి, నేను నేర్పిన తెలుగులో “మా అమ్మ మరణించింది” అన్నది.

ఆ మాట అర్థం కావడానికి మాకు కొంతసేపు పట్టింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకువెళ్లారు, మళ్లీ ఇంటికి రాలేదు. ఫోన్ చేసినది పినతల్లి. ఆ పిల్ల ఎంత త్వరగా బయలుదేరినా సమాధి చేసే వేళకు అందుకోజాలదు. ఆ సంగతి పినతల్లే చెప్పి, తరువాత ఏం చేస్తావో నీవే ఆలోచించుకోమన్నది. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఇప్పుడు వెళ్తే వాళ్లను విడిచి తిరిగి రావడం జరగదని ఆ పిల్లకు తెలుసు. చదువు ఇంకా సగం మిగిలి ఉంది. ఏ పరిస్థితిలోనూ మధ్యలో వదిలి రావద్దని తల్లి ఎన్నోమార్లు చెప్పింది.

“నేను ఇక్కడ ఉండనా, వెళ్లనా?” అని అడిగింది. ఎవరిని అడుగుతున్నదో తెలియని చూపు.

వదిన చేట పక్కకు తోసి లేచి, ఆ పిల్లను రెండు చేతులా పొదివి పట్టుకొని శోకం అందుకుంది. మా వైపు ఆడవాళ్లు పోయినవాళ్లను పిలుస్తూ, వాళ్ల గుణాలు చెబుతూ రాగం తీసి ఏడుస్తారు. ఫోను తెర మీద తప్ప చూడని మనిషిని పట్టుకొని “బిడ్డను నా చేతిలో పెట్టిపోతివా తల్లీ, పూలగుడ్డ కట్టుకొని నవ్వితివే తల్లీ” అని వదిన రాగం తీసింది. ఆ పిల్ల ఆమె భుజం మీద తల పెట్టి, తన భాషలో, తన రాగంలో గొంతెత్తి ఏడ్చింది. ఆ ఒక్క గంట ఆమె ఏ దేశంలో ఉన్నదో మరిచిందని నాకు అనిపించింది.

తరువాత వదిన కళ్లు తుడుచుకొని, చేయవలసినవి చేయడానికి లేచింది.

మా సంప్రదాయం తెలియని పాఠకులు ఎవరైనా ఉంటే వారికోసం ఇక్కడ కొంత చెప్పాలి. చావు జరిగిన కుటుంబంలోని వారికి మైల పడుతుంది. ఆ రోజులలో వారిని ఇతరులు ముట్టుకోరు; ముట్టుకుంటే తలస్నానం చేస్తారు. వారు మంచం మీద పడుకోరు, నలుగురిలోకి రారు, దేవుని గదిలోకి పోరు. పలకరించడానికి వచ్చినవారు కాసేపు మౌనంగా కూర్చొని, వెళ్లొస్తామని చెప్పకుండానే లేచిపోతారు. అట్టి ఇంటికి మళ్లీ వస్తామనడం అశుభం. మా వారు పోయినప్పుడు నేను ఆ రోజులను అట్లాగే గడిపాను. ఎవరూ తాకలేదు, ఎవరూ మాట్లాడించలేదు, ఏ పనీ చెప్పలేదు. లోకం నన్ను ఒక మూల విడిచిపెట్టి తన దారిన తాను పోవడం ఆనాడు నాకు గొప్ప దయగా తోచింది. దుఃఖానికి ఏకాంతం అవసరమని నేను నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను.

“పెళ్లిగాని బిడ్డకు తల్లి మైల పూర్తిగా పడతాదా, సగమా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు” అని వదిన అడిగింది.

“పూర్తిగానే వదినా” అన్నాను.

“వాళ్ల మతంలో ఇవన్నీ ఉంటాయో ఉండవో.”

“తల్లి ఎవరికైనా తల్లే గదా.”

“అదే నేననేది. దిక్కులేని పిల్లకు చేసినట్టు అరకొరగా చేస్తే, ఆ తల్లి మనల్ని చూసి ఏమనుకుంటాది? మన ఇంటి బిడ్డకు ఎట్ట చేస్తామో అట్నే చేద్దాం.”

అట్లాగే చేసింది. ముందు తాను తలకు పోసుకుంది. పనివాణ్ణి పిలిచి పై గదిలోని మంచం కిందికి దింపించింది. కొత్త చాప, ఒక దుప్పటి పైకి పంపింది. గది మూల దీపం పెట్టించి, పక్కన చెంబుతో నీళ్లు ఉంచమన్నది. వేరే పళ్లెం, వేరే గ్లాసు ఏర్పాటు చేసింది. వేళకు అన్నం వండి తీసుకువెళ్లి, గడప ఇవతల పెట్టి, “తినమ్మా” అని చెప్పి దిగి వచ్చేది. మధ్యాహ్నం వానలో తడుస్తూ వీధిలోని ఆడవాళ్లు వచ్చారు. పై గది చూరు కింద వరుసగా కూర్చున్నారు. ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు. ఒక్కొక్కరే లేచి, మాట చెప్పకుండా మెట్లు దిగిపోయారు. మా వీధి ఒక పరదేశి పిల్లకోసం ఇంత మర్యాద పాటించినందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

మరునాడూ, ఆ మరునాడూ వాన వెలియలేదు. తన మనుమరాలి పురుటికని బోగోలు వెళ్లిన నా స్నేహితురాలు వాగు పొంగడం వలన అక్కడే చిక్కుకుపోయింది. ఆ పిల్ల కిందికి దిగలేదు. పై గదిలో ఆమె అడుగుల చప్పుడు అటూ ఇటూ వినిపించేది. దుఃఖం తన పని తాను చేసుకుంటున్నదని మేము ఊరుకున్నాము.

మూడవ నాటి ఉదయం వదినకు మోకాళ్లు పట్టేస్తే అన్నం నేను తీసుకువెళ్లాను. రాత్రి పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. అన్నం మీద చీమలు చేరాయి. తలుపు తెరిచి ఉంది. గది మధ్య ఆ పిల్ల తెచ్చుకున్న పెద్ద పెట్టె, మూత వేసి, బెల్టు బిగించి ఉంది.

“ఎక్కడికమ్మా?” అన్నాను గడప ఇవతల నుంచే.

“మా ఇంటికి పోతాను, అమ్మగారూ. కళాశాల వారికి కూడా చెప్పాను.”

“మీ అమ్మ చదువు ముగించమన్నది గదా.”

ఆమె చాలాసేపు నా పాదాల వైపు చూసింది. గడప ఇవతల ఆగిన నా పాదాల వైపు అని ఇప్పుడు చెప్పగలను.

“నేను ఏ దోషం చేశాను, అమ్మగారూ?” అన్నది. “మా అమ్మ జీవించి ఉన్నప్పుడు మీరు నా చేతి అన్నం భుజించారు. అవ్వ నా తలకు నూనె రాసింది. అమ్మ మరణించగానే నేను అశుద్ధం అయ్యాను. మొదటి దినం అవ్వ మా పిన్నమ్మల వలెనే ఏడ్చింది. నేను నా ఇంటిలో ఉన్నాను అనుకొన్నాను. సాయంకాలానికి నా మంచం తీసుకొనిపోయారు. కుక్కకు పెట్టినట్లు తలుపు దగ్గర పెట్టారు. అందరూ వచ్చి నన్ను చూచి, ఒక మాట కూడా చెప్పక వెళ్లిపోయారు. బస్సులో వారు తెలియనివారు. మీరు తెలిసినవారు.”

నేను నేర్పిన మాటలన్నీ సక్రమంగా కూర్చి ఆమె చెప్పిన ఆ వాక్యాలలో దిద్దడానికి ఒక్కటి కూడా లేదు.

నేను మైల అంటే ఏమిటో వివరించాను. ఇది శరీరపు రంగుకు సంబంధించినది కాదన్నాను. నాకూ ఇట్లాగే చేశారన్నాను. ఇది దూరం పెట్టడం కాదు, మా ఇంటి బిడ్డతో సమానంగా చూడడమన్నాను. పాఠం విన్నట్లే శ్రద్ధగా విన్నది. అర్థమైందని తల ఊపింది. అర్థం కావడం వలన ఆమెకు కలిగిన ఊరట ఏదీ నాకు కనబడలేదు.

“మీ ఊళ్లో ఎట్లా చేస్తారు?” అని అడిగాను. మొదటినాడే అడగవలసిన ప్రశ్న అది.

తల్లి పోయిన బిడ్డను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలరని చెప్పింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చాపలు, దుప్పట్లు తెచ్చుకొని ఆ ఇంటిలోనే పడుకుంటారు. ఒకరి ఒళ్లో తల పెట్టుకొని, ఇంకొకరి చేయి పట్టుకొని ఏడవాలి. నిద్ర పట్టేదాకా ఎవరో ఒకరు వీపు నిమురుతూ ఉంటారు. “అక్కడ నా చెల్లెళ్ల చుట్టూ ఇరవైమంది ఉన్నారు. వాళ్లు ఫోన్లో నన్ను అడిగారు, నీ దగ్గర ఎవరున్నారు అని. నేను అబద్ధం చెప్పాను.”

మెట్ల కింద వదిన నిలబడి అంతా విన్నది. నేను దిగి వచ్చేసరికి ఆమె ముఖం నల్లబడి ఉంది.

“నేను కుక్కకు పెట్టినట్టు పెట్టినానామ్మే?”

“ఆ పిల్లకు అట్లా తోచింది వదినా. నువ్వు ఒక్కసారి పైకి పోయి దగ్గర కూర్చో.”

“ఎట్ట కూర్చునేది?” అన్నది వదిన. “పదిదినాలూ సరిగ్గా చేయకపోతే ఆ పోయినామెకు దారి దొరుకుతాదా? బిడ్డ ఊరడిల్లాలని నేను మైల కలిపితే, ఆ తల్లి యాడో నీళ్లు లేని చోట నిలబడిపోతే? ఆ పాపం ఎవరిది? బిడ్డ దిగులు నాలుగు దినాలు. పోయినామెది అట్ట కాదు గదా.”

వదిన మొండితనం వల్ల ఆ మాట అనలేదు. ఫోను తెర మీద తనతో తలలూపి మాట్లాడిన ఆ పూలగుడ్డ మనిషికి ద్రోహం చేస్తానేమోనన్న భయం ఆమెది. నిజమైన భయం. తల్లికి న్యాయం చేస్తే బిడ్డకు అన్యాయం. బిడ్డకు న్యాయం చేస్తే తల్లికి.

ఆ మధ్యాహ్నం నా స్నేహితురాలు బోగోలు నుంచి ఎట్లాగో వచ్చి చేరింది. సంగతి విని, వసారాలో నిలబడే నన్ను దులిపింది.

“ఏం పండితురాలివమ్మా నువ్వు? చర్చికి పోయే పిల్లకు మైల పట్టిస్తావా? నాకొక ఫోను చేయకూడదా?”

“నీ ఫోను పలికితే గదా.”

“ఫోను వాగులో పడిపోతే ఎట్ట పలకతాది? సరే, పిల్లను నేను తీసుకపోతుండా.”

ఆ పిల్ల పెట్టెతో సహా మెట్లు దిగింది. మా ముందు ఆగి తల వంచింది గాని “షికమో” అనలేదు. వదిన వసారా స్తంభం పట్టుకొని నిలబడింది. “మైలలో ఉన్న బిడ్డ గడప దాటిపోతుండాది” అని మెల్లగా తనలో తాను అనుకుంది.

మరునాటి సాయంత్రం నా స్నేహితురాలి ఇంటిలో ఆదరణ కూడిక పెట్టారు. మా వైపు క్రైస్తవులు చావు జరిగిన తరువాత ప్రార్థన చేసి కుటుంబాన్ని ఓదార్చే సభ అది. నేను వెళ్లాను. చాలామంది వచ్చారు, చక్కగా పాడారు. పాస్టరుగారు మంచి మనిషి; ఆ పిల్లకోసం ఇంగ్లీషులో కూడా మాట్లాడారు. మీ అమ్మ ప్రభువు సన్నిధిలో ఉంది గనుక విశ్వాసులు నిరీక్షణ లేనివారి వలె ఏడవకూడదని చెప్పారు. ఆ పిల్ల వీపు నిటారుగా పెట్టుకొని, చేతులు ఒళ్లో కట్టుకొని కూర్చుంది. ఒక్క చుక్క రాలలేదు. భోజనాలయ్యాక అందరూ ఆమెకు చేయి కలిపి వెళ్లిపోయారు.

“మా ఇంటిల్లిపాదీ ఆ పిల్ల పక్కనే ఉండారు” అని స్నేహితురాలు నన్ను గేటుదాకా సాగనంపుతూ అన్నది. “అయినా మనిషి మాతో లేదు. ఏడవద్దని ఆయన అంటే నాకే నచ్చలేదు. ఈ వారంలోనే పోతానంటుండాది.”

“నీవు ఆపలేవా?”

“లెక్క చెప్పమంటే చెప్తా. ఇదేమన్నా లెక్కా?”

ఇంటికి వచ్చి వదినకు అంతా చెప్పాను. ఆ రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. తెల్లవారి లేచేసరికి గొడుగు తీసుకొని చెప్పులు వేసుకుంటోంది. నా స్నేహితురాలి ఇంటికి నేనెన్నోసార్లు వెళ్లాను గాని, వదిన ఇన్నేళ్లలో గేటు దాటి లోపలికి పోలేదు. నేను వెంట నడిచాను.

ఆ పిల్ల వెనక గదిలో గోడకు ఆనుకొని నేల మీద కూర్చొని ఉంది. వదిన మోకాళ్లు పట్టుకొని, మూలుగుతూ, ఆమె పక్కన చతికిలబడింది. ఆ పిల్ల చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

ఆ పిల్ల ఆ చేతిని చూసింది, వదినను చూసింది.

“అవ్వా, ఇంటికి వెళ్లి స్నానం చేస్తావా?”

చేయనని చెప్పమని మనసులో వేడుకున్నాను. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేనిది.

“పోసుకుంటా తల్లీ” అన్నది వదిన. “నీకు అబద్ధం చెప్పలేను. నువ్వంటే మురికని కాదు. మీ అమ్మకు చెయ్యాల్సిందది. పోసుకుంటా. పోసుకోని మళ్లా వస్తా. సాయంత్రం వస్తా, రేపొస్తా. పోయినప్పుడల్లా పోసుకుంటా, పోసుకున్నప్పుడల్లా వస్తా. నాకు ఇంతకంటే చేతగాదు.”

తరువాత ఆ పిల్ల మెల్లగా ఒరిగి, వదిన ఒళ్లో తల పెట్టుకొని ఏడవసాగింది. మొదటినాటి వలె గొంతెత్తి కాదు. వెక్కివెక్కి, పసిపిల్ల వలె. వదిన వీపు నిమురుతూ కూర్చుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి క్షమించమని అడుగుతున్నదో, ఆ పిల్ల తల్లిని అడుగుతున్నదో నేను అడగలేదు.

అన్నట్టే వదిన ఇంటికి వచ్చి, బావి దగ్గర చల్లని నీళ్లు తలకు పోసుకుంది. సాయంత్రం మళ్లీ వెళ్లింది. వచ్చి మళ్లీ పోసుకుంది. వాన, సముద్రపు చలిగాలి, ఆమె వయస్సు. మూడో నాటికి దగ్గు పట్టింది. ఆ సంగతి విన్న ఆ పిల్ల కోపగించింది.

“అవ్వా, చన్నీళ్లు పోసుకొనవద్దు.”

“వేన్నీళ్లకు మైల పోతాదని మీ టీచరమ్మను చెప్పమను, అట్నే చేస్తా.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. వృద్ధులకు వేడినీళ్లు శాస్త్రసమ్మతమేనని నేను గంభీరంగా ప్రకటించాను. ఎక్కడ ఉందో చూపమని వారు అడగలేదు. అడిగి ఉంటే నాకు వెదుక్కోవలసి వచ్చేది.

ఒక సాయంత్రం మేము అక్కడ ఉండగానే పినతల్లి ఫోను వచ్చింది. ఆ పిల్ల తన భాషలో చాలాసేపు మాట్లాడింది. అవతలి గొంతు హెచ్చింది, తగ్గింది. ఫోను పెట్టిన తరువాత ఏమైందని అడిగాను.

“ఎప్పుడు వస్తావు అని అడిగింది. పరీక్షల వరకు ఉంటాను అని చెప్పాను.”

“ఆ తరువాత?”

“ఆ తరువాత సంగతి నాకు తెలియదు, అమ్మగారూ.”

వదిన ఆ జవాబును అంతకు మించి లాగవద్దని నాకు కళ్లతో చెప్పింది. పరీక్షలంటే ఇంకా ఎన్ని నెలలని దారిలో అడిగింది. చెప్పాను. వేళ్లు మడిచి చూసుకుంది.

పదకొండవ నాడు మైల తీరింది. ఆ పిల్ల తరగతులకు వెళ్తున్నది. గుంటల దగ్గరికి పోయి మోకాలిలోతు నీళ్లలో దిగి రొయ్యలను పరీక్షిస్తున్నది. మా ఇంటికి తిరిగి రాలేదు, రమ్మని మేము ఒత్తిడి చేయలేదు. వదిన వెళ్లడం మానలేదు. ఇప్పుడు తలకు పోసుకోవలసిన పని లేదు. అక్కడ కాఫీ కూడా తాగుతుంది. లెక్కల టీచరు కాఫీలో చక్కెర లెక్క తప్పుతుందని ఇంటికి వచ్చి నాకు చెబుతుంది.

కానీ నేను గమనించినది ఒకటి ఉంది. వదిన చేయి చాచినప్పుడు ఆ పిల్ల చేయి ముందుగా కొద్దిగా వెనక్కి పోతుంది. ఆపైన తానే ముందుకు వచ్చి అందుకుంటుంది. రెప్పపాటు కంటే ఎక్కువ ఉండదు. వదిన దానిని ప్రతిసారీ చూస్తుంది. చూసి, చేయి అట్లాగే చాచి ఉంచుతుంది.